లిఫ్టులో ఇరుక్కున్నవాడి వరస

కువైట్‌లోని ఖైతాన్‌లో మేము భజన చేసే గదికి సరిగ్గా కింద ఒక ఈజిప్టు పెద్దాయన ఉంటాడు. శుక్రవారం మధ్యాహ్నం ఆయన నిద్ర చెడితే చీపురుకట్టతో పైకప్పు పొడుస్తాడు. అందుకని గజ్జెలు కట్టుకున్నాక వాటి మీద సాక్సులు తొడుక్కుంటాం. నేల మీద రగ్గులు పరుస్తాం. మద్దెల బదులు ఖాళీ నీళ్ల క్యాను ఉంది, దాని మీద తువ్వాలు కప్పి వాయిస్తాం. ఇంత గుట్టుగా దేవుణ్ణి పిలిచే భక్తులు ఇంకెక్కడా ఉండరు. రాముడి చెవులు మంచివి కాబట్టి సరిపోయింది.

మాది పండరి భజన. కడప, అన్నమయ్య జిల్లాల్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను: రెండు బారులుగా ఎదురెదురుగా నిలబడి, తాళాలు కొడుతూ, అడుగులు వేస్తూ పాడాలి. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత పాడతారు. పాట మొదట నిదానంగా నడుస్తుంది, పోనుపోనూ జోరందుకుంటుంది. ఆ పాట ఎత్తుకునే ఒకరు నేనే. ఎవరూ ఎన్నుకోలేదు. నోరు పెద్దదని వదిలేశారు.

నాకూ బడికీ ఏడో తరగతిలోనే పొత్తు కుదరలేదు. గొడవేమీ పెట్టుకోకుండా ఎవరి దారిన వాళ్లం పోయాం. ఆ బడి ఇప్పుడు మూతపడిందట. నేను మాత్రం బ్నీద్ అల్ గార్‌లో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా బాగానే నడుస్తున్నాను.

అదే ఇంట్లో వంటా ఇంటిపనీ చూసే అక్క మా గుంపుకు అసలు పెద్ద. తోడబుట్టింది కాదు, రాజంపేట వైపు మనిషి. ఆమె పిలిస్తేనే ఆడవాళ్లు వస్తారు. వాళ్ల వాళ్ల ఇళ్ల మామాలతో, అంటే యజమానురాళ్లతో, ఫోనులో అరబ్బీ మాట్లాడి శుక్రవారం పూట సెలవు ఇప్పించేదీ ఆమే. నేను పాట ఎత్తుకుంటాను, ఆమె మనుషుల్ని ఎత్తుకొస్తుంది.

కొత్త భజన కట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఒక సినిమా పాట వరస తీసుకుంటాం. ప్రియురాలు ఉన్నచోట సీతమ్మను కూర్చోబెడతాం. పెదవులు అన్నచోట పాదాలు అంటాం. అంతే, భజన తయారు. మా వైపు అందరూ చేసే పనే, ఎవరూ తప్పు పట్టరు. ఇక్కడ మాత్రం చిక్కంతా గోదావరి బాబాయితో వచ్చింది.

ఆయన కోనసీమ మనిషి, ఒక కంపెనీ మెస్‌లో వంట చేస్తాడు. చిన్నప్పుడు సినిమా హాల్లో సోడాలు అమ్మాడట. ఒక బొమ్మ ఎత్తేసేదాకా రోజూ అన్ని ఆటలూ చూసిన బుర్ర అది. వరస రెండు ముక్కలు వింటే చాలు, ఏ సినిమాయో, పాటలో ఎవరు ఏ రంగు చొక్కా వేసుకున్నారో కూడా చెప్పేస్తాడు. శుక్రవారం మా గదికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నేను మంచి ఊపులో ఉండగా చెయ్యెత్తేవాడు.

“ఆయ్, ఆగండాగండి. ఇది హీరోగారు హీరోయిన్‌గారిని వానలో తరిమిన పాటండి. మరి రాములవారికి గొడుగేదండీ?”

ఆడవాళ్లు నవ్వేశారు. అడుగులు తప్పాయి. మరో శుక్రవారం ఇంకో పాట తెచ్చాను.

“ఇదా! క్లబ్బులో ఆవిడ బల్లెక్కి ఆడింది కదండీ ఇది. సీతమ్మగారిని బల్లెక్కించేశావేంటబ్బాయ్?”

నవ్వొచ్చాక భజన నిలబడదు. అది సైకిలు ట్యూబు లాంటిది, ఒక్క ముల్లు చాలు.

ఏడాదికొకసారి ఊరి బయట కబ్ద్‌లో, మా ఇంటి బాబాకు, అంటే యజమానికి, ఉన్న తోటలో, పిక్నిక్ చేసుకుంటాం. అక్క మామాను అడుగుతుంది, మామా బాబాను అడుగుతుంది, బాబా సరే అంటాడు. అక్కడ కింద ఈజిప్టు ఆయన ఉండడు, ఇసుక ఉంటుంది. గజ్జెలు గజ్జెల్లాగే మోగుతాయి. ఆ రోజు కోసం అక్క ఏడాది పొడవునా ఎదురుచూస్తుంది. ఈసారి బాబాయితో పాటు గోదావరివాళ్లు కూడా వస్తామన్నారు. వాళ్లలో పాడేవాళ్లకు కొదవ లేదు.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ అక్క నాకు తీర్పు చెప్పింది.

“అబ్బీ, ఏడాదికి ఒక్క పొద్దు సాక్సుల్లేకుండా ఎగిరేది. ఆ పొద్దు గూడా నవ్వులపాలు చేసినావనుకో, తాళాలు బాబాయి చేతికిస్తా. గోదారోళ్లే పాడుకోనీ. మనం ఎనకాల నిలబడి వంత పాడదాం.”

“అక్కా, ఆయన గొంతెత్తితే కోళ్లు లేచి కూస్తాయి.”

“కూస్తే కూయనీ. కోళ్లు నవ్వవు కదా.”

నేను ఊరుకునే రకం కాదు. తర్వాతి శుక్రవారం గదిలో అందరూ ఉండగా బాబాయి మీదికే పోయాను.

“బాబాయ్, పిక్నిక్కులో నేను పాడే వరస యా సినిమాదో చెప్పు. చెప్తే తాళాలు నీవే. ఆ ఒక్క పొద్దుకే కాదు, ఈ గదిలో గూడా.”

“మాటేనా అబ్బాయ్?”

“మాటే.”

“అయితే ఆ తాళాల్ని కొంచెం చింతపండెట్టి తోమి ఉంచు. నల్లటివి పట్టుకోవడం నాకు అలవాటు లేదు.”

ఆ మాట ఇచ్చేటప్పటికి నా దగ్గర వరస లేదు. నా పద్ధతే అంత. ముందు నోరు వెళ్తుంది, దాని వెనక నేను వెళ్తాను, చేరేసరికి ఏదో ఒకటి దొరుకుతుంది.

అది కబ్ద్‌లోనే దొరికింది. బాబా ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. గురువారాలు తోటకు తీసుకువెళ్లమంటాడు. వయసులో ఉండగా ఇంగ్లండులో చదువుకున్నాడు, అక్కడి నుంచి పెట్టెల నిండా గ్రామఫోను రికార్డులు తెచ్చుకున్నాడు. వాటిని ఇంట్లో ఉంచడానికి మామా ఒప్పుకోలేదు. అందుకని తోటలో, మేకల పాక పక్క గదిలో ఉంటాయి. మేకలకు అభ్యంతరం లేదు. బాబాకు వేళ్లు వణుకుతాయి కాబట్టి రికార్డు పెట్టడం, ముల్లు దించడం నా పని. డ్రైవరు ఉద్యోగంలో ఈ పని కూడా ఉందా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం బాబా దిండుకు ఆనుకుని నిద్రపోయాడు. నేను రికార్డుల మీద ఇసుక తుడుస్తున్నాను. మధ్యలో ఒక చిన్న రికార్డు బయటపడింది, అప్పడమంత. ఇటొక పాట, అటొక పాట. అట్ట మీద నలుగురు కుర్రాళ్లు. కళ్లకు కాటుక, తలలు గాలికి చెదిరిన కాకిగూళ్లు. ఒకడు టై కట్టుకుని, నవ్వమంటే డబ్బులడిగేవాడిలా చూస్తున్నాడు. ఊరికే ఉండలేక పెట్టాను. అంతకుముందు దాకా పెద్ద రికార్డు తిరిగిన మిషను అది. చిన్నదానికి వేగం మార్చాలని నాకేం తెలుసు?

ముందు డోలు మోగింది. మనిషి వాయించే డోలు కాదు, మిషనుది. టక్కు... టక్కు... అచ్చం మా నీళ్ల క్యాను. తర్వాత ఒక గొంతు వచ్చింది. రాగిసంగటి తిని, గుంజకు ఆనుకుని, తత్వం ఎత్తుకున్న పెద్దాయన గొంతు. ఒక్క ముక్క అర్థం కాలేదు. నా కాళ్లకు మాత్రం అర్థమైంది. చేతిలో తుడిచే గుడ్డ పట్టుకునే మొదటి అడుగు వేసేశాను.

బాబా కళ్లు తెరిచాడు. కాసేపు విన్నాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

“లా, లా, మజ్నూన్!” అన్నాడు, అంటే కాదు కాదు, పిచ్చోడా అని. లేచి వచ్చి, వణికే వేలితో మిషను పక్కనున్న మీటను నెట్టాడు. పాట ఒక్కసారిగా పరుగెత్తింది. పాడే తాత కాస్తా మనవడైపోయాడు.

ఆ నలుగురి సంగతి బాబా హిందీ కొంత, ఇంగ్లీషు కొంత, మిగతాది అరబ్బీలో చెప్పాడు. అప్పట్లో ఇంగ్లండులో అలాంటి గుంపుల్ని కొత్త కెరటం అనేవారట. గిటారు ఉన్నా దాని మాట సాగదు, మిషన్లదే పెత్తనం. ఈ నలుగురి పాట ఒకటి లోకమంతా తిరిగింది. అది నాకూ తెలుసు, జమియాలో సరుకులు కొనేటప్పుడు పైనుంచి వినిపిస్తుంది. ఇది ఆ తర్వాత వచ్చిన పాట. ఎవరూ కొనలేదు. కొట్టువాడు విసిగిపోయి తగ్గింపు బుట్టలో పడేస్తే, అందులోంచి బాబా తీసుకున్నాడు.

“ఏం పాట బాబా ఇది?”

“ఒకడు లిఫ్టులో ఇరుక్కున్నాడు. బటన్ నొక్కితే ఒక అమ్మాయి గొంతు, ఓపిక పట్టు, వస్తున్నారు అంటుంది. వాడు ఆ గొంతును ప్రేమించాడు. తలుపు తెరుచుకుంటే ఆ గొంతు పోతుంది కదా. అందుకని తెరవొద్దు, తెరవొద్దు అని పాడతాడు.”

“ఈ పాట ఎవరికీ తెలీదా?”

“నాకు తెలుసు. పాడినవాళ్లకు తెలుసు. వాళ్లు కూడా మరిచిపోయి ఉంటారు.” ఇదేదో దిగులుగా చెప్పాడు పాపం. నాకు ఆ మాట పాయసంలా దిగింది. ఏ సినిమా హాల్లోనూ మోగని వరస. సోడా సీసాల చప్పుడు సోకని వరస. పైగా మీట ఇటుంటే నిదానం, అటుంటే జోరు. భజనకు ఏది ఎలా కావాలో అలాగే, ఒకే రికార్డులో రెండూ. రెండు వేగాలూ ఫోనులోకి ఎక్కించుకున్నాను.

జమియా బయట కారులో మామా కోసం కాచుకునే వేళల్లో మాటలు కట్టాను. నేననుకున్నంత కష్టమేమీ కాలేదు. ఆలోచిస్తే లిఫ్టువాడికీ భక్తుడికీ తేడా ఎంత? తలుపు మూసి ఉంది. లోపల వీడొక్కడే. ఎక్కడినుంచో ఒక గొంతు, వస్తున్నా, ఓపిక పట్టు అంటుంది. ఎంతకీ రాదు. కాకపోతే వాడు తెరవొద్దన్నాడు, మాకు తెరవాలి.

“తలుపు తియ్యరా రామా తలుపు తియ్యరా,
పిలిచినోళ్లు వాకిట్లోనే నిలిచినారురా.”

లిఫ్టులో ఇరుక్కున్నవాడి భుజాల మీద రాముణ్ణి ఎక్కించాను. ఇద్దరూ బాగానే కుదురుకున్నారు.

అక్కకు వంటింట్లో వినిపించాను. ద్రాక్షాకుల్లో అన్నం పెట్టి చుడుతూ విన్నది. రెండోసారికి ఆమె మడమ నేలకు తగలడం మొదలైంది.

“యాడిదిరా ఈ వరస?”

“బాబాది.”

“బాబా భజన కట్టినాడా?”

“కట్టలేదక్కా, కొన్నాడు.”

అక్క పని చేసుకుంటూనే పాట మొత్తం పట్టేసింది. నిదానం ముక్క ఆమె పాడుతుంటే మామా వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఊళ్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది. జోరు ముక్క విని, పర్వాలేదు, కోలుకున్నట్టున్నారు అని వెళ్లిపోయింది. ఖైతాన్ గదిలో మాత్రం పాడలేదు. బాబాయి వినకూడదు కదా. అడుగులు మటుకు పాత పాట మీద నేర్పించాను. బారుల్లో ఉన్నవాళ్లకు వంత ముక్క ఫోనుల్లో పంపి, చెవుల్లో పెట్టుకుని వినమన్నాను.

పిక్నిక్ శుక్రవారం కబ్ద్‌లో ఎండ హాయిగా ఉంది. బాబాయి తన మెస్ గిన్నెలు తెచ్చి బిర్యానీ వండాడు. ఆయన మీద నాకున్న కోపం ఆ గిన్నె మూత తీసేదాకానే. తిన్నాక చేతులు కడుక్కుని గజ్జెలు కట్టుకున్నాం. సాక్సులు లేవు. అక్క ఒకసారి కాలు ఆడించి, ఆ మోత విని, చిన్నపిల్లలా మళ్లీ ఆడించింది.

బాబా గుడారం నీడలో కుర్చీ వేసుకుని, చిన్న గ్లాసులో టీ తాగుతున్నాడు. ఆయన పాటే పాడబోతున్నామని ఆయనకు చెప్పలేదు. చెబితే పొద్దున్నుంచే ఈల వేస్తూ తిరిగి, గుట్టు బయటపెడతాడని నా భయం.

పాట ఎత్తుకున్నాను. నిదానంగా, తాత గొంతుతో. రెండు బారులూ వంత అందుకున్నాయి. బాబాయి ముందుకొచ్చి కూర్చుని కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. బుర్రలో ఒక్కో సినిమా వేసి, చూసి, తీసేస్తున్నాడని తెలుస్తూనే ఉంది. ఒక చరణం అయింది. రెండో చరణం అయింది. నుదుటి మీద చెమట పట్టింది.

“ఏవండీ, ఆ ఫోనోసారి ఎత్తండి,” అన్నాడు పక్కనున్న గోదావరి కుర్రాడితో. పాట వింటే పేరు చెప్పే యాప్ ఒకటి ఉంది కదా, అది. ఫోను మావైపు చాచి పట్టుకున్నాడు ఆ కుర్రాడు. అది గుండ్రంగా తిరిగి తిరిగి, దొరకలేదు అని చేతులెత్తేసింది.

“సోడాకొట్టు బుర్రకే దొరకంది, పాపం ఫోనుకేం దొరుకుతాది బాబాయ్!” అని చరణానికీ చరణానికీ మధ్య ఒక మాట విసిరాను. ఊపిరి తీసుకునే సందులో కూడా ఎగతాళి చేయగలిగేవాళ్లు అరుదు.

మూడో చరణానికి జోరు పెంచాను. గజ్జెలు ఘల్లుమన్నాయి. ఇసుక లేచింది. బాబా టీ గ్లాసు కింద పెట్టాడు.

ముందు ఆయన కాలు ఆడింది. తర్వాత తల పక్కకు వాలింది, దూరంగా ఎవరో పేరు పెట్టి పిలిస్తే వినేవాడిలా. తర్వాత చేతికర్ర అందుకుని లేచాడు. నేరుగా రెండు బారుల మధ్యకు నడిచి వచ్చి, కర్ర పైకెత్తి, ఇంగ్లీషులో ఎత్తుకున్నాడు. మేము తలుపు తియ్యమంటున్నాం, ఆయన తియ్యొద్దంటున్నాడు. తాళం మాత్రం ఎక్కడా తప్పలేదు.

బాబాయి గెంతినంత పని చేశాడు.

“దొరికిందండోయ్! దొంగసొత్తు దొరికింది! సొంతదారుగారే వచ్చేశారండి!”

అంతమాట అంటే నేనెలా ఊరుకుంటాను? తాళాలు చంకలో పెట్టుకుని ఆయన ముందుకు వెళ్లాను.

“యా సినిమా? పేరు చెప్పు బాబాయ్. పందెం సినిమా పేరు చెప్పడం.”

“ఇంగిలీసు సినిమా!”

“పేరు?”

“ఆ బాబాగారినే అడుగు.”

“ఆయన పందెంలో లేడు. నువ్వు చెప్పు. ఇది యా సినిమాలోనూ లేదు. హీరో లేడు, హీరోయిన్ లేదు, వాన లేదు, బల్ల లేదు. లిఫ్టు ఉండాది, అంతే.”

“లిఫ్టేంటబ్బాయ్, రాములవారి పాటలో?”

“అదంతా నీకెందుకు? పేరు తెలుసా, తెలీదా?”

బాబాయి నుదుటి చెమట తుడుచుకున్నాడు. “తెలీదండి,” అన్నాడు చివరికి, అందరి ముందూ.

వాదనలో నన్ను కొట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు. గెలిచానన్న ముఖంతో వెనక్కి తిరిగాను.

పాట ఆగలేదు.

నేను వదిలిన చోటే అక్క ఎత్తుకుంది. ఎవరివో తాళాలు చేతిలోకి తీసుకుని ముందు నిలబడింది. నేను ఎప్పుడూ పాడనంత పై గొంతులో తలుపు తియ్యమని పిలుస్తోంది. రెండు బారులూ ఆమెనే చూస్తూ వంత పాడుతున్నాయి. బాబా మధ్యలో కర్రతో తాళం వేస్తూ, ఇంగ్లీషులో అడ్డుచెబుతూ తిరుగుతున్నాడు. గోదావరి ఆడవాళ్లు కూడా లేచి బారులో చేరారు. ఒక్కరు నవ్వితే ఒట్టు.

మా భజనకు రాసుకున్న చట్టాలు లేవు, ఒక్కటి తప్ప. పాట తెగకూడదు. తెంపినవాడు బారు చివరికి పోవాలి, అందుకున్నవాళ్లు ముందు నిలబడాలి. పందెం సంగతి రాముడికి అక్కర్లేదు.

నేను వెళ్లి ముందు నిలబడబోయాను. అక్క పాట ఆపకుండానే గడ్డంతో బారు చివరను చూపించింది. నా వెనకే తోక ఆడిస్తూ వచ్చిన బాబాయికి కూడా అదే గడ్డం, అదే చివర.

ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం.

“పందెం నువ్వే గెలిచావబ్బాయ్, ఒప్పుకుంటా,” అన్నాడు బాబాయి అడుగు వేస్తూ. ఆయన కాలు నా కాలి మీద పడింది.

“మరి తాళాలు నావే కదా?”

“తాళాలు అక్కగారివండి, ఆయ్. కళ్లు లేవా ఏంటి?”

వంత పాడాం ఇద్దరం. ఏం చేస్తాం. ఆయన గొంతు నేననుకున్నంత ఘోరంగా ఏమీ లేదు. ఈ మాట ఆయనకు చెప్పను.

పొద్దువాలాక తిరుగు ప్రయాణం. బాబా ముందు సీట్లో, అక్క వెనక సీట్లో, గజ్జెల మూట ఒళ్లో పెట్టుకుని.

“అబ్బీ, వచ్చే శుక్రవారానికి ఇంకో వరస తీసుకురా. బాబా కాడ పెట్టెల నిండా ఉండాయి కదా, ఎవురూ కొననివి.”

“తెస్తా. పాట ఎవరు ఎత్తుకుంటారు?”

“నువ్వు వరస తే చాలు.”

అద్దంలో చూశాను. ఎగతాళి చేస్తోందేమోనని. చేయడం లేదు. అలసిపోయి, కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకుంటోంది. సరే, వరస తెచ్చేవాడు లేకపోతే పాట ఎక్కడిది? పునాది ఎవరికి కనిపిస్తుంది గనక. ఇలా నాకు నేను బాగానే సర్దిచెప్పుకుంటున్నాను, ఇంతలో బాబా నా భుజం తట్టాడు.

ఆ పాట మా భాషలో నేర్పమన్నాడు. నేను గొంతు సవరించుకుని, స్టీరింగు మీద తాళం వేస్తూ, నాకు చేతనైనంత బాగా మొదటి రెండు ముక్కలూ పాడాను. బాబా శ్రద్ధగా విన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

“అలా కాదు,” అన్నాడు. “ఆమె పాడినట్టు పాడు.”

నేను రేడియో పెట్టాను.